ట్రాము కోసం నిలిచిన ప్రయాణికులు

కలకత్తా నగరాన్ని అవగాహన చేసికొనదలచినవారికి 5వ నంబరు ట్రాము మార్గం మంచి మార్గదర్శి. నగరం నడిబొడ్డున ఉన్న ఎస్ప్లనేడులో బయలుదేరి, లెనిన్ సరణి మీదుగా సాగి, కాలేజీ స్ట్రీటులోని పాత పుస్తకాల దుకాణాల వరుసలను, హేదువా చెరువును, హాతీబాగాన్ బజారు సందడిని దాటి, ఉత్తరాన శ్యాంబజారు కూడలిని చేరుతుంది. రెండు పెట్టెల బండి, పైనున్న తీగను తాకుతూ సాగే పొడవాటి కడ్డీ, డ్రైవరు కాలితో నొక్కి మోగించే గంట: ఇదీ కలకత్తా ట్రాము. అది వెళ్ళిన వీధిలో పొగ మిగలదు.

ఈ బండి చరిత్ర 1873 ఫిబ్రవరి 24న మొదలైంది. ఆనాడు సియాల్దా నుండి ఆర్మేనియన్ ఘాట్ వరకు గుర్రాలు లాగిన ట్రాము, ప్రయాణికులు చాలక, ఆ సంవత్సరం నవంబరులోనే ఆగిపోయింది. 1880లో కలకత్తా ట్రామ్వేస్ కంపెనీ ఏర్పడి గుర్రపు ట్రాములను తిరిగి నడిపింది. 1902లో ఎస్ప్లనేడు, కిదిర్‌పూర్‌ల మధ్య తొలి విద్యుత్ ట్రాము పరుగెత్తింది.

ఆ కాలంలో ట్రాము ఒక్క కలకత్తా సొత్తు కాదు. తెలుగువారికి చిరపరిచితమైన మద్రాసులో 1895లోనే విద్యుత్ ట్రాములు తిరిగాయి. అవి 1953లో ఆగిపోయాయి. బొంబాయి ట్రాము 1964లో చివరి ప్రయాణం చేసింది. ఆ తరువాత దేశంలో ట్రాము మిగిలిన నగరం కలకత్తా ఒక్కటే.

అందుకు కారణాలలో ఒకటి, ప్రజలు దానిని తమదిగా భావించడం. 1953లో కంపెనీ రెండవ తరగతి చార్జీని ఒక్క పైసా పెంచితే నగరమంతా భగ్గుమంది. ప్రజలు ట్రాములు ఎక్కడం మానివేశారు. కొన్ని బండ్లు తగులబడ్డాయి. చివరకు పెంపు రద్దయింది. కూలివాడు, గుమాస్తా, విద్యార్థి రోజూ ఎక్కే బండి అది. 1967లో రాష్ట్ర ప్రభుత్వం దాని నిర్వహణను చేపట్టి, 1976లో దానిని పూర్తిగా జాతీయం చేసింది.

పర్యావరణ దృష్టితో చూస్తే ట్రాములోని గుణం సులభంగా బోధపడుతుంది. ఉక్కు పట్టా మీద దొర్లే ఉక్కు చక్రానికి, రోడ్డు మీద దొర్లే రబ్బరు టైరుకంటె ఒరిపిడి ఎంతో తక్కువ. అందువల్ల తక్కువ శక్తితోనే ఎక్కువమందిని మోయగలదు. తీగ నుండి నేరుగా విద్యుత్తును గ్రహిస్తుంది గనుక బరువైన బ్యాటరీ అక్కరలేదు. ఆ విద్యుత్తు బొగ్గు నుండి పుట్టినా, వీధిలో నడిచేవారి ఊపిరితిత్తులలోకి పొగ చేరదు. పైగా బండి దశాబ్దాల తరబడి పనిచేస్తుంది. నోనాపుకుర్‌లోని కార్ఖానాలో పాత బండ్లకు మరమ్మతు చేసి మళ్ళీ పట్టాలెక్కించడం చిరకాలంగా జరుగుతున్న పని.

అయినా ట్రాము ఎందుకు క్షీణించింది? నగర విస్తీర్ణంలో రహదారుల వాటా పదోవంతు కూడా లేదు; వాహనాలు మాత్రం పెరుగుతూ వచ్చాయి. ఒకప్పుడు పలు వీధులలో ట్రాముకు ప్రత్యేకించిన దారి ఉండేది. తరువాతి దశాబ్దాలలో చాలాచోట్ల పట్టాల చుట్టూ కాంక్రీటు పరచి, ఆ దారిని కార్లకూ బస్సులకూ తెరిచారు. ట్రాము వాటి నడుమ చిక్కి వేగం కోల్పోయింది. ఎక్కే దిగే ప్రయాణికుడు నడివీధిలో వాహనాలను తప్పించుకోవలసి వచ్చింది. అటుపై, ట్రాము నెమ్మదిగా నడిచి దారికి అడ్డుపడుతున్నదన్న నింద మిగిలింది. 2020 మే నెలలో అంఫాన్ తుఫాను విద్యుత్ తీగలను తెంపివేయగా, మైదాన్ పచ్చిక నడుమ సాగే కిదిర్‌పూర్ మార్గం కూడా మూగపోయింది.

ఇక్కడే పౌరుల పాత్ర ఆరంభమవుతుంది. 1996లో మెల్బోర్న్ ట్రాము కండక్టరు రాబర్టో డి'ఆండ్రియా, కలకత్తాలోని మిత్రులు కలిసి 'ట్రామ్‌జాత్రా' అనే ఉత్సవాన్ని ప్రారంభించారు. రంగులు వేసిన ట్రాము, అందులో పాటలు: వినోదంతో పాటు, ఈ బండి ఇంకా అవసరమేనని నగరానికి గుర్తుచేయడం దాని ఉద్దేశం. కలకత్తా ట్రామ్ యూజర్స్ అసోసియేషన్ పని మరింత నిత్యమైనది. ఏ మార్గం ఎందుకు ఆగిందో అడగడం, అధికారులకు విజ్ఞప్తులు చేయడం, వీధిలో ప్రదర్శనలు జరపడం ఆ సంఘం చేపట్టిన పనులు. ట్రాముల భవిష్యత్తు ప్రశ్న కలకత్తా హైకోర్టు వరకూ వెళ్ళింది.

2023లో ట్రాముకు నూటయాభై ఏళ్ళు నిండాయి. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో రాష్ట్ర రవాణా మంత్రి, మైదాన్, ఎస్ప్లనేడుల మధ్య ఒక వారసత్వ మార్గాన్ని మాత్రమే ఉంచి, తక్కినవి నిలిపివేస్తామని ప్రకటించారు. అప్పటికి మిగిలినవే వేళ్ళ మీద లెక్కించదగిన మార్గాలు. రద్దీ, ఆలస్యం ప్రభుత్వం చెప్పిన కారణాలు. ట్రాము ప్రేమికులు వెంటనే వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు.

వివాదంలోని అసలు మర్మం ఇదే. సెలవునాడు సరదాగా ఎక్కే ట్రాము జ్ఞాపకచిహ్నం. ఆఫీసుకూ కాలేజీకీ చేర్చే ట్రాము రవాణా సాధనం. మొదటిది గతాన్ని గౌరవిస్తుందేమో గాని, గాలిని శుభ్రపరచలేదు. నగరంలో పొగ తగ్గాలంటే జనం నిత్యం ఎక్కే బండి కావాలి. జనం ఎక్కాలంటే అది వేళకు రావాలి. వేళకు రావాలంటే దానికి తనదైన దారి ఉండాలి.

పారిస్ మహానగర ప్రాంతం 1938 నాటికి ట్రాములను తొలగించి, 1992లో తిరిగి నెలకొల్పవలసి వచ్చింది. లండన్ 1952లో వదలుకొన్న ట్రాము, 2000లో క్రోయిడన్ ప్రాంతంలో మళ్ళీ పట్టాలెక్కింది. పెరికివేసిన పట్టాలను తిరిగి పరచడానికి అర్ధశతాబ్ది కాలమూ, అపారమైన ధనమూ పట్టవచ్చునని ఆ నగరాల అనుభవం చెబుతున్నది. ఉన్నదానిని బాగుచేసికొనడం అంతకంటె తేలిక. అందుకు తీగలూ పట్టాలూ ఎంత అవసరమో, టిక్కెట్టు కొని ఎక్కే ప్రయాణికుడూ, బండి రానినాడు ఎందుకు రాలేదని అడిగే పౌరుడూ అంతే అవసరం.