ఖాళీ చేతులతో వస్తేనే శుభం!

ఎవరింటికీ ఖాళీ చేతులతో వెళ్ళకూడదు, ఎవర్నీ ఖాళీ చేతులతో పంపకూడదు అంటారు మన పెద్దవాళ్ళు. కానీ హైదరాబాదులో ఒకచోట మాత్రం పిల్లలు ఖాళీ చేతులతో బయటికొస్తే తల్లులు ఆకాశం వైపు చూసి దణ్ణం పెట్టుకుంటారు. అది నానక్‌రామ్‌గూడలో ఉన్న అమెరికా కాన్సులేటు. ఆ కథ ఏమిటో చెప్పేముందు మా ప్రయాణం సంగతి చెప్పాలి.

మాది ఏలూరు. మా పెద్దమ్మాయి ఇంజనీరింగు పూర్తిచేసి, ఎమ్మెస్ చదవడానికి అమెరికాలో సీటు తెచ్చుకుంది. తీరా వీసా ఇంటర్వ్యూకి తేదీ తీసుకుందామనుకునేసరికి, 2025 మే నెలాఖరున విద్యార్థులకి కొత్త తేదీలివ్వడం ఆపేశారు. మూడు వారాలు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. జూన్ 18న మళ్ళీ మొదలుపెడుతున్నామని ప్రకటించారు గానీ, పిల్లల సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనబడేలా తెరిచిపెట్టాలన్నారు. మా అమ్మాయి రాత్రిళ్ళు నిద్ర మానుకుని కంప్యూటరు ముందు కూర్చుంటే ఎట్టకేలకు జూలైలో ఒక తేదీ దొరికింది.

మావారికి సెలవు దొరకలేదు. "నేను వెళ్తాను దానితో" అన్నాను. "నీకేం తెలుస్తుంది అక్కడ?" అన్నారాయన. తెలుసుకుందామనే కదా వెళ్ళడం!

గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి సికింద్రాబాదులో దిగాం. అక్కడినుంచి మెట్రో రైలెక్కి అమీర్‌పేట. యల్లారెడ్డిగూడలో మా పిన్ని కూతురి ఇల్లుంది. మా అమ్మాయి జీఆర్‌యీ కోచింగుకి వచ్చినప్పుడు రెండు నెలలు ఈ చుట్టుపక్కలే లేడీస్ హాస్టల్లో ఉంది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ అని వినడమేగానీ చూడడం నాకిదే మొదలు. బిల్డింగుల నిండా కంప్యూటరు కోర్సుల బోర్డులే. గోడ కనిపిస్తే కాయితం అతికించారు. కిందేమో ఇడ్లీ బండ్లు, జిరాక్సు షాపులు, ఫోటో స్టూడియోలు. వీసా ఫోటో రెండంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు, వెనకంతా తెలుపు ఉండాలి. కళ్ళజోడు తీసేయాలి. షాపతను మేం అడక్కుండానే "యూఎస్ ఫోటోనా అమ్మా?" అన్నాడు. రోజుకి ఎంతమంది పిల్లల్ని చూస్తాడో!

మధ్యాహ్నం వేలిముద్రలివ్వడానికి హైటెక్ సిటీ మెట్రో స్టేషనుకి వెళ్ళాం. ఆ ఆఫీసు స్టేషనులోనే కింది అంతస్తులో ఉంది. ఒకప్పుడు మన వాళ్ళు ఈ పనికి మద్రాసు వెళ్ళాల్సొచ్చేది. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేటు తెరిచాక ఆ తిప్పట తప్పింది. 2023లో దాన్ని నానక్‌రామ్‌గూడకి మార్చారు. రెండు తెలుగు రాష్ట్రాలూ, ఒరిస్సా దీని పరిధిలోకే వస్తాయి.

ఆ రాత్రి మా అమ్మాయి అద్దం ముందు నిలబడి జవాబులు వల్లె వేసుకుంటోంది. ఏ యూనివర్సిటీ, ఎందుకు ఎంచుకున్నావు, చదువుకి డబ్బెవరు కడుతున్నారు అని అడుగుతారట. "మా నాన్నగారు" అంది ఇంగ్లీషులో. నేను చపాతీలు ఒత్తుతూ విన్నాను.

మా అమ్మ పసుపు కుంకుమల కింద నాకిచ్చిన స్థలంలో కట్టుకున్న ఇల్లది. కాయితాలు నా పేరునే ఉన్నాయి. అవి తాకట్టు పెట్టి, నేనూ మావారూ కలిసి సంతకాలు చేస్తేనే బ్యాంకువాళ్ళు ముప్ఫై లక్షల లోను ఇచ్చారు. "అమ్మ కూడా ఉందని చెప్పవే" అన్నాను నవ్వుతూ. అది నా వంక ఒక్క క్షణం చూసి ఊరుకుంది.

సంతకం పెట్టే రోజునే నేను ఆ కాయితాలు తెలుగులో చెప్పించుకున్నాను. మా లోనుకి వడ్డీ పదిన్నర శాతం. చదువుకునే రెండేళ్ళూ వాయిదా కట్టక్కర్లేదు నిజమే, కానీ వడ్డీ ఆగదు. ముప్ఫై లక్షల మీద ఏడాదికి 3,15,000, అంటే నెలకి 26,250 రూపాయలు. రెండేళ్ళకి ఆరు లక్షల ముప్ఫై వేలు. (డబ్బు మొత్తం ఒకేసారి తీసుకోకుండా ఫీజు కట్టే వేళకి విడతలుగా తీసుకుంటే కాస్త తగ్గుతుంది.) పాలవాడి లెక్క, చీటీపాట లెక్క చూసుకునే మనకి ఇది రాకపోవడమేం?

మర్నాడు ఉదయం నానక్‌రామ్‌గూడ వెళ్ళాం. తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వరు. ఫోను కూడా తీసుకెళ్ళకూడదు. అమ్మాయి ఫైలు పట్టుకుని వరసలో వెళ్ళిపోయింది. నేను రోడ్డవతల మిగతా తల్లుల దగ్గర నిలబడ్డాను. నా పక్కనే కరీంనగర్ ఆవిడ. "మా పిలగాడు లోపలికి పోయి గంటైతుంది అక్కా" అంది. అసలు రహస్యం ఆవిడే చెప్పింది. వీసా ఇస్తే పాస్‌పోర్టు అక్కడే ఉంచేసుకుని, ముద్ర వేసి తర్వాత ఇస్తారు. ఇవ్వకపోతే అప్పుడే చేతిలో పెట్టేస్తారు. అందుకని గేటులోంచి ఎవరొస్తున్నా అందరి చూపులూ ముందు చేతుల మీదికే!

కాసేపటికి వాళ్ళబ్బాయి వచ్చాడు. చేతిలో పాస్‌పోర్టు ఉంది. "రాలే అమ్మా" అన్నాడు, తల దించుకుని. నా గుండె జారిపోయింది. ఆవిడ మాత్రం కంటనీరు పెట్టలేదు. "ఏం కాదు బిడ్డా. పొద్దటిసంది ఏం తినలే. పా, అన్నం తిందాం" అని వాడి భుజం మీద చెయ్యేసి తీసుకెళ్ళింది. 185 డాలర్ల వీసా రుసుము తిరిగి రాదు. మళ్ళీ ప్రయత్నించాలంటే మళ్ళీ కట్టాలి. కానీ ఆ తల్లి ఆ మాటే ఎత్తలేదు చూడండీ, అది నాకు బాగా నచ్చింది.

మా అమ్మాయి ఖాళీ చేతులూపుకుంటూ వచ్చింది. నాకు మాట రాలేదు. ఆటో ఎక్కాక చెప్పింది: "డబ్బెవరు కడుతున్నారని అడిగారమ్మా. బ్యాంకు లోను, మా అమ్మ ఇంటి మీద అని చెప్పాను."

అక్కడినుంచి గండిపేట మీదుగా చిలుకూరు వెళ్ళాం. 1908లో మూసీ వరదలు హైదరాబాదుని ముంచేశాక, మళ్ళీ అలా కాకుండా కట్టిన చెరువే గండిపేట. 1920లో పూర్తయింది. ఆ నీటి ఒడ్డునే చిలుకూరు బాలాజీ గుడి ఉంది. జనం వీసా బాలాజీ అంటారు. హుండీ లేదు, ప్రత్యేక దర్శనం టిక్కెట్లూ లేవు. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణాలు, తీరాక 108. అమ్మాయి హాస్టల్లో ఉన్నప్పుడే పదకొండూ చేసిందట. ఇద్దరం చెరొక కార్డు తీసుకుని, చుట్టుకొక గడి కొట్టేస్తూ నడిచాం. డెబ్భై దాటాక మోకాళ్ళు పట్టేశాయి. నా మటుకు నేను ఆ కరీంనగర్ పిల్లాడి కోసం కూడా పదకొండు చుట్లు తిరిగాను.

దేవుడు వీసా ఇప్పించినా, మిగతా జాగ్రత్తలు మనమే చూసుకోవాలి. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు అక్కడ చేరినవాళ్ళలో మన పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్ళకి నిఘా పట్టీలు కట్టారు. మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అని ప్రభుత్వమే ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టి, చదవకుండా పేరు నమోదు చేయించుకున్నవాళ్ళని 2019లో పట్టుకుంది. అందులోనూ తెలుగు పిల్లలు ఎంతోమంది. ఏజెంటు మాట కాదు, 'స్టడీ ఇన్ ది స్టేట్స్' అనే వాళ్ళ ప్రభుత్వ వెబ్‌సైటులో కాలేజీ పేరుందో లేదో చూడమని మీ పిల్లలకి చెప్పండి. చదువు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు పనిచేయొచ్చు. బయట అనుమతి లేకుండా చేస్తే మొదటికే మోసం. "అక్కడ ఏదో పనిచేసి అప్పు తీర్చేస్తుందిలే" అనేవాళ్ళకి ఇది తెలియాలి.

ఏలూరు వచ్చాక పెట్టెలు సర్దడం మొదలు. మా టిక్కెట్టుకి 23 కిలోల పెట్టెలు రెండు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి పెట్టాను. సీసాలో పచ్చడి పైన రెండు వేళ్ళ మందం ఖాళీ ఉంచి, మూత కింద పల్చటి కవరు వేసి, చుట్టూ టేపు చుట్టి, మళ్ళీ రెండు కవర్లలో పెట్టాలి. నూనె కారదు. చేతిసంచిలో వద్దు, పెద్ద పెట్టెలోనే వేయాలి. కోడి పచ్చడి, మాంసం పచ్చడి, పచ్చి కరివేపాకు, పండ్లు అక్కడికి రానివ్వరు. తిండి సామాను తెచ్చామని దిగగానే కాయితం మీద అడిగినా, నోటితో అడిగినా దాచకుండా చెప్పాలి.

పెట్టెలో పైన ఒక చిన్న నోటు పుస్తకం పెట్టాను. ఒక పక్క చారు, పప్పు, పులిహోర చేసే విధానం. రెండో పక్క లోను నంబరు, వడ్డీ, ఏ నెలనుంచి ఎంత కట్టాలో. అమ్మాయి చదువుకుని, "ఇదేంటమ్మా, వంటా అప్పూ ఒకే పుస్తకంలో!" అని నవ్వింది. రెండూ ఇంటి సంగతులే కదా మరి.

మీ ఇంట్లోనూ ఈ ఏడాది ఇలాంటి ప్రయాణముంటే, పచ్చడి సీసా మూత బిగించే ముందు ఆ లోను కాయితం మీరూ ఒకసారి చదివించుకోండి. సంతకం మనదైనప్పుడు లెక్క కూడా మనకి తెలియాలిగా!