పాత నంబరు, కొత్త జీపు

నంబర్ ప్లేటు గురించి కూడా ఇంత రాయాలా అనుకునేవాళ్ళు మా సారపాకలో రోడ్డు పక్కన ఓ పావుగంట నిలబడి చూడండి. వంతెన దాటి భద్రాచలం పోయే బండ్ల నంబర్లు చదివితే చాలు, మా ప్రాంతం చరిత్ర తెలిసిపోతుంది. ఏపీ 20 అంటే పాత ఖమ్మం జిల్లా. టీఎస్ 04 అంటే 2014లో తెలంగాణ వచ్చాక కొన్నది. టీఎస్ 28 అంటే 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడ్డాక కొన్నది. టీజీ 28 అయితే 2024 మార్చి తర్వాతది. మేం ఇల్లు మారలేదు, అడ్రసే మారుతూ వచ్చింది :)

వీటన్నిటికంటే పాత నంబరు మా బాబాయి ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉంది. 1982 మహీంద్రా జీపు. నల్ల ప్లేటు మీద తెల్ల పెయింటుతో చేత్తో రాసిన మూడు ఇంగ్లీషు అక్షరాలు, నాలుగు అంకెలు. రాష్ట్రం కోడు, జిల్లా కోడు పెట్టే ఇప్పటి పద్ధతి 1989లో వచ్చింది కాబట్టి ఇది దానికి ముందుది. పేపర్ మిల్లుకి వెదురు తోలే కాంట్రాక్టు కోసం మా తాత కొన్న జీపు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చినప్పుడు మా వీధి వాళ్ళని మెట్టకి చేర్చింది ఇదేనని బాబాయి ఇప్పటికీ చెప్తుంటాడు.

ఇక అసలు విషయానికొస్తా. బాబాయి కొడుకు, అంటే మా తమ్ముడు, హైదరాబాదులో నాలాగే సాఫ్ట్‌వేర్. వాడికి పాత మోడల్ ఓపెన్ జీపు కావాలి. హర్యానాలో మండీ డబ్వాలీ అని ఓ ఊరుంది, అలాంటి జీపులు తయారు చేయడానికి పేరు మోసింది. అక్కడ ఆర్డరిచ్చి చేయిస్తాడట. దానికి నల్ల ప్లేటు మీద తాత జీపు నంబరే అచ్చం అదే రాతలో రాయిస్తాడట. "ఎవడికి నష్టం అన్నా? మన తాత నంబరే కదా" అన్నాడు.

వాడి ప్రేమని నేను తప్పు పట్టను. తాత గుర్తుగా ఏదో ఒకటి దగ్గర పెట్టుకోవాలని ఎవరికుండదు? కానీ నంబర్ ప్లేటు స్టిక్కర్ కాదు. మన భాషలో చెప్పాలంటే అది ప్రైమరీ కీ. ఒకే కీతో రెండు రికార్డులు ఉంటే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? వాడు హైదరాబాదులో సిగ్నల్ దాటితే ఈ-చలానా సారపాకలో బాబాయి పేరు మీద వస్తుంది. చలానా అయితే కట్టేయొచ్చు. యాక్సిడెంట్ అయితే? నంబరు, ఛాసిస్, ఆర్సీ దేనికదే ఉంటే ఇన్సూరెన్స్ వాడు ఒక్క రూపాయి ఇస్తాడా?

రంగు సంగతి కూడా ఉంది. సొంత బండ్లకి నల్ల ప్లేటు 2000ల మొదట్లోనే పోయి తెల్లది వచ్చింది. ఇప్పుడు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారని అర్థం. ఇక జీపు సంగతి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకి భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

"అమెరికాలో పెట్టుకుంటారు కదా" అన్నాడు తమ్ముడు. నిజమే, కాలిఫోర్నియాలో పాత కారుకి ఆ కాలం నాటి ప్లేటు పెట్టుకోనిస్తారు. కానీ ప్లేటు ఏ సంవత్సరానిదో కారూ ఆ సంవత్సరానిదే అయి ఉండాలి. బ్రిటన్లో నల్ల ప్లేటు కావాలంటే బండి 1980కి ముందు తయారైనదై ఉండాలి. ఎక్కడైనా సూత్రం ఒకటే, పాత ప్లేటు పాత బండికే.

మన దగ్గరా 2021 జులైలో వింటేజ్ వాహనాలకి రూల్స్ వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్ళు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్తగా రిజిస్టర్ చేస్తే నంబర్లో వీఏ అనే అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000 రూపాయలు. ముందే రిజిస్టర్ అయిన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. అలా రిజిస్టర్ చేశాక మాత్రం రోజువారీ తిరగడానికి కుదరదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ అంతే. ఈ లెక్కన తాత జీపు కూడా 2032 దాకా వింటేజ్ కాదు, ఉత్తి పాత బండి!

2019 ఏప్రిల్ 1కి ముందు బండ్లకి కూడా హై సెక్యూరిటీ ప్లేటు బిగించాలని 2025 ఏప్రిల్లో తెలంగాణలో ఉత్తర్వు ఇచ్చారు. ఇది చెప్పగానే బాబాయి మొహం మాడిపోయింది. "అయితే మా నాయన రాయించిన ప్లేటు పోతదారా?" అన్నాడు. నంబరు పోదు బాబాయ్, రాత ఒక్కటే పోతుంది అన్నాను. ఆ రేకుని విప్పి ఇంట్లో తాత ఫొటో కింద పెట్టుకుంటే అడిగేవాడు ఎవడూ లేడు.

నాకు బాధగా ఉన్నది ఒక్కటే. షెడ్డులో జీపు తుప్పు పడుతోంది, ఆర్సీ రెన్యువల్ గడువు దగ్గర పడుతోంది, తుక్కు కింద ఇచ్చేద్దామని ఇంట్లో మాట నడుస్తోంది. ఇంకోపక్క దాని నకలుకి లక్షలు పోయడానికి వాడు సిద్ధం. కొత్త జీపుకి వాడు తాత నంబరు రాయించగలడు, 1986 వరద ఎక్కడి నుంచి తెస్తాడు?

వాడింకా అడ్వాన్స్ కట్టలేదు. ఆ డబ్బులో కొంత పెట్టి అసలు జీపునే, ఇంజన్ మార్చకుండా బాగు చేయించి, ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయిస్తూ పోతే 2032లో అది సర్కారు లెక్కలో కూడా వింటేజే. అదే మాట వాడికి చెప్పాను, "ఆలోచిస్తా అన్నా" అన్నాడు. ఎఫ్‌బీ జీపుల గ్రూపుల్లో ఉన్నవాళ్ళెవరైనా వాడికి ఇంకో నాలుగు మాటలు చెప్తే పుణ్యముంటుంది.