బావగారి ఆఠీను రెండు

పేకాట మాటెత్తితే మన యిళ్ళల్లో ఆడవాళ్ళ మొహాలు ముడుచుకుంటాయి. అది వాళ్ళ తప్పు కాదు. పేక మూలంగా చేలూ నగలూ పోగొట్టుకున్న యిళ్ళు ఏ వూళ్ళోనైనా రెండో మూడో వుంటాయి. అయినా బ్రిడ్జి సంగతి వేరండీ. సికింద్రాబాదులో వొక క్లబ్బు మీద నడిచిన కేసులో, రమ్మీలో నేర్పుదే పైచేయి అని 1967 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అందులో అదృష్టం పాలు బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పటి అదృష్టంవంటిదేనని పోల్చి చెప్పింది కూడా. యీ తీర్పును నేను మా యింట్లో చాలాసార్లు వుదహరించాను గాని, మా ఆవిడ యింకా అమలుపరచలేదు.

బ్రిడ్జిలో పాట గెలుచుకున్నవాడిదే సుఖం. ఎదుటి జోడీ ముక్కలు బల్లమీద పరిపించి, 26 ముక్కలూ తానే ఆడుకుంటాడు. ఆ పరిచిన చేతిని డమ్మీ అంటారు. పాటను ఓడించవలసిన యిద్దరికీ ఆ భాగ్యం లేదు. ఎవరికైనా తన 13, డమ్మీ 13 కనబడతాయి. జోడీ చేతిలో ఏముందో కనబడదు. అడగకూడదు, కనుబొమ ఎగరెయ్యకూడదు. అతను వేసే ముక్కే అతని మాట. 1925లో వాండర్‌బిల్ట్ అనే అమెరికన్ ఓడ ప్రయాణంలో యీ ఆటకు కొత్త స్కోరు లెక్కలు కూర్చిన నాటినుంచి ఎన్ని పుస్తకాలు వచ్చినా, పాటను ఓడించడమే కష్టమని ఆడేవాళ్ళు చాలామంది వొప్పుకుంటారు.

నా జోడీ మా బావగారు. ఆయనది జగ్గయ్యపేట, నాది నందిగామ. 2022లో మా రెండు వూళ్ళూ కృష్ణా జిల్లానుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళినా, ఆదివారం నాడు నేను పేట బస్సెక్కడం మారలేదు. మా అక్క పోయి రెండేళ్ళయింది. ఆమెకు పసుపుకుంకుమల కింద యిచ్చిన మిరప చేను మా వైపే వుంది. దాన్ని ఏం చెయ్యదలిచారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే ఆశపడ్డాననుకుంటారేమోనని నా జంకు. ఆయన జంకు ఏమిటో ఆయనకే తెలియాలి. ఆదివారాలు మాత్రం బల్లకు ఎదురెదురుగా కూర్చుంటున్నాం.

మొన్న వొక ఆట. అవతలి జట్టు వకీలుగారు, రిటైరైన హెడ్మాస్టరుగారు. వకీలుగారు మొదట నో ట్రంపు పాడారు. అంటే చేతిలో 15 నుంచి 17 పాయింట్లు. చివరకు పాట నాలుగు ఇస్పేట్ల దగ్గర ఆగింది. వారికి 10 పట్లు కావాలి. మాకు 4 వస్తే వారు ఓడినట్టు. బావగారు కళావరు రాణి వేశారు. వకీలుగారు ఆసుతో పట్టి, మూడుసార్లు తురుపులు దించి, డైమను ఆడారు. తురుపు ఆసూ రాణీ ఆయన చేతిలోనుంచే వచ్చాయి. డమ్మీలో డైమను రాజు, రాణి, జాకీ, పది బారులు తీరి వున్నాయి. ఆసు నా దగ్గర. పట్టాను. యిప్పుడేం వెయ్యాలి?

చెయ్యి తనంతట తానే కళావరు వైపు పోతుంది. జోడీ వేసిన రంగు తిరిగి వెయ్యడం మర్యాద. కాని ఆ మర్యాద చేస్తే, వకీలుగారు తన వోటి ముక్కల్ని డమ్మీ డైమన్ల మీద పారేసుకుని యింటికి పోతారు. అంచేత లెక్క వేశాను. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పేక మొత్తానికి 40. డమ్మీలో 10, నా ఆసు 4. బావగారు రాణి వేశారంటే కింద జాకీ వుండాలి, పైన రాజు వుండకూడదు. కనక వకీలుగారికి కళావర్లలో 7, ఇస్పేట్లలో 6, వెరసి 13. పాటకు తగినట్టు ఆయన దగ్గర యింకా 2 నుంచి 4 దాకా వుండాలి. మిగిలిన బొమ్మలన్నీ ఆఠీన్లే.

ఆఠీను ఆసు ఆయనదైతే మాకు గతి లేదు. ఆసూ రాజూ బావగారివైతే మొదట అవే వేసేవారు. యిక మిగిలింది వొక్కటే: రాజు వకీలుగారి దగ్గర, ఆసు రాణి జాకీ మూడూ బావగారి దగ్గర. వొక్క దారే వున్నప్పుడు అది వుందనే నమ్మి నడవాలి. లేకపోయినా కొత్తగా పోయేదేమీ లేదు.

నా ఆఠీన్లు పది, ఎనిమిది, అయిదు. చిన్నది వేస్తే బావగారు జాకీతో పట్టి అక్కడే చిక్కుకుపోతారు. ఆయనే మళ్ళీ ఆడవలసివస్తే రాజు బతికిపోతుంది. డమ్మీలో పెద్దది తొమ్మిదే. అంచేత పది వేశాను. వకీలుగారు నాలుగు వేశారు.

బావగారు చాలాసేపు ఆలోచించారు. మూడు పెద్ద ముక్కలు చేతిలో పెట్టుకుని వూరుకోవడం మాటలు కాదు. చివరకు రెండు వేశారు. పట్టు నాకే వచ్చింది. ఎనిమిది వేశాను, దాన్ని జాకీతో పట్టి, ఆసు కొట్టారు. రాజు దాని కింద పడింది. మాకు నాలుగు పట్లు.

“అన్నీ చేతిలో పెట్టుకుని రెండెందుకు వేశారండీ?” అన్నారు వకీలుగారు.

“పది తెచ్చాడంటే లెక్క వేసుకునే తెచ్చివుంటాడు. మధ్యలో నేను అడ్డం పడితే మళ్ళీ వాడి చేతికి ఎట్లా వెళ్తుందండీ?” అన్నారు బావగారు, ముక్కలు కలుపుతూ.

ఆ సాయంత్రం ఆయన నాతో బస్టాండు దాకా వచ్చారు. ఎప్పుడూ రారు. నందిగామ బస్సు కనబడ్డాక, “చేను కౌలు గడువు అయిపోవస్తోంది. అమ్మాయి పేర రాయిద్దామనుకుంటున్నాను. నువ్వేమంటావు?” అన్నారు.

“రాయిద్దాం బావగారూ,” అని మెట్టు మీదనుంచే చెప్పాను. బస్సు కదిలింది.