మ్యూనిక్ తోటలో ఇంటి మూట

జర్మనీలోని మ్యూనిక్ నగరమున చెస్ట్‌నట్ చెట్ల నీడను బీరుతోటలు కలవు. మనకచట నేమి పని యని ముక్కుపై వ్రేలిడుకొనకుడు. 1812లో మాక్సిమిలియన్ రాజు, బీరు కాచువారు వేసవిని తమ నేలమాళిగలయొద్ద బీరును, రొట్టెను మాత్రమే యమ్మవలెనని, తక్కిన భోజనము పెట్టరాదని శాసించెను. అందుచే జనులు ఇంటివంట మూటగట్టుకొని పోసాగిరి. ఆ యాచారము నేటికిని నిలిచియున్నది. మన కార్తీక వనభోజనములే గదా!

అచట నున్న మా మరదలు కుమారుని పుట్టిననాటి విందునకు బ్రెట్జెలులు చేసెను. గోధుమపిండి, ఈస్టు, ఉప్పు, వెన్న, గోరువెచ్చని నీరు చేర్చి మర్దించి, గంటసేపు పొంగనిచ్చి, మూరెడు త్రాడుగా పేని, చేతులు కట్టుకొన్న బిడ్డవలె మెలివేయవలెను. బేకరీవారు వీనిని కాస్టిక్ సోడానీట ముంచుదురు. ఆ నిగనిగ దానివలననే. కాని యది చర్మమును కాల్చును, పసివాండ్రున్న యింట వలదు. మరుగునీట వంటసోడా వేసి అరనిమిషము ముంచి, కల్లుప్పు చల్లి, వేడి పొయ్యిపెట్టెలో ఎఱ్ఱగా కాల్చిన చాలును.

నంజుడునకు ఒబాట్స్‌డా: మెత్తబడిన కామంబేర్ చీజు, వెన్న, ఉల్లిముక్కలు, పాప్రికాపొడి కలిపి చిదుపుటయే. కొన్ని చీజులు దూడకడుపులోని రసముతో తోడువేయబడును. శాకాహారులు పొట్లముమీది వ్రాత చదివి కొనవలెను. బీరు చెంచాడు పోయుట వాడుక. మా మరదలు నాకై పాలు పోసెను.

గుడ్డ పఱచిన బల్లలు అంగడివారివి, ఇంటి మూట వట్టిబల్లమీదనే విప్పవలెను. మాకొక్కటి చెట్టుమొదట దొరకెను.