ఒకే నిప్పు, మూడు చోట్లు

మా పెదనాన్న చొక్కా జేబులో రెండు వస్తువులు తప్పకుండా ఉండేవి: ముక్కుపొడి డబ్బీ, సార్బిట్రేట్ మాత్రల అట్ట. గుండెల్లో పట్టేసినట్టుంటే మాత్ర నాలిక కింద పెట్టుకుని, అరుగు మీద కళ్లు మూసుకు కూర్చునేవాడు. కాసేపటికి "ఆఁ, వదిలిందిరా" అనేవాడు. ఏం వదిలిందో అడిగే తెలివి అప్పుడు నాకు లేదు.

ఆ మాత్ర ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును పుట్టిస్తుంది. బిగిసిన రక్తనాళాలను సడలించేది అదే. నవ్వించే గ్యాసు వేరండోయ్, అది నైట్రస్! తమాషా ఏమిటంటే, మనం మింగకపోయినా ఈ సరుకును గుండె తనే తయారుచేసుకుంటుంది. ముడిసరుకు ఆర్జినిన్ అనే ఆమైనో ఆమ్లం. వండేవి మూడు ఎంజైములు.

మొదటిదాని జాడ దొరికింది ఒక పొరపాటు వల్ల. అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమని ముక్కల మీద ప్రయోగాలు చేసేవాడు. అసిటైల్‌కోలిన్ చుక్క పడితే ఏళ్ల తరబడి అవి బిగుసుకునేవే. ఓసారి సహాయకుడు పని వరస తప్పాడు. ముక్క కాస్తా సడలింది! ఆరా తీస్తే, ఇన్నాళ్లూ ముక్కలు కోసేటప్పుడు లోపలి పలుచటి పొర రాపిడికి ఊడిపోయేదట. పొర ఉన్న ముక్కను పొర లేనిదానికి ఆనించి పెట్టాడు, రెండోదీ సడలింది. అంటే పొర ఏదో పంపుతోందన్నమాట. ఇది అచ్చయింది 1980లో. అదే ఈ వాయువని తేలాక, 1998లో ఇగ్నారో, మురాద్‌లతో పాటు ఆయనకు నోబెల్ వచ్చింది.

ఆ పొరలోని ఎంజైమే మొదటిది. గుండె నాళాల్లో, గుండె గదుల లోపలి గోడ మీద ఉంటుంది. గుండె కండర కణంలోనూ పైపొర మీది చిన్న చిన్న గుంటల్లో ఉంటుంది. రెండోది ముందు మెదడులో దొరికింది కాబట్టి నాడుల పేరు పెట్టారు గానీ, గుండె నరాల్లోనూ ఉంది, కండర కణం లోపల కాల్షియం దాచుకునే సంచుల పక్కనా ఉంది.

ఇక్కడే నాకు ముచ్చటేసింది. ఒకే కణం, ఒకే వాయువు, పనులు మాత్రం ఎదురుబొదురు! 2002లో ఎలుకల మీద చూశారు. అడ్రినలిన్ లాంటి మందిచ్చినప్పుడు, మొదటి ఎంజైము లేని గుండె మరీ గట్టిగా కొట్టుకుంది. రెండోది లేని గుండె నీరసంగా స్పందించింది. ఈ వాయువు ఆయుష్షు సెకన్లే కదా, దూరం పోలేదు. ఎక్కడ పుడితే అక్కడి పనే చేస్తుంది. దేవుడి గదిలో దీపమైనా, వంటింట్లో పొయ్యి అయినా నిప్పే కదండీ.

మూడోది గడ్డివాములో నిప్పు. మామూలుగా ఉండదు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరితే పుట్టుకొచ్చి, ఆపు లేకుండా వాయువును వదులుతుంది. రక్తపోటు ధబాలున పడిపోతుంది.

అన్నట్టు, వయాగ్రా కూడా ఈ వాయువు చేసే పనినే పొడిగిస్తుంది. అందుకే సార్బిట్రేట్ వాడేవాళ్లు దాని జోలికి వెళ్లకండి. రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణం మీదికి తెచ్చేంత దిగుతుంది. డాక్టరు దగ్గర సిగ్గుపడకుండా చెప్పండి.