షికారు – దుర్భిణి

తెలుగులో ‘షికారు’ అనగా సాయంకాలపు వాహ్యాళి. ఉర్దూలో ‘షికార్’ అనగా వేట. మాట ఒకటే, మన భాషలోనికి వచ్చిన పిమ్మట అది తుపాకి దింపి తీరికగా నడక సాగించినది. ‘దుర్భిణి’ కూడ ఫారసీ నుండి వచ్చినదే. ‘దూర్’ అనగా దూరము, ‘బీన్’ అనగా చూచునది.

రెండు భాషలు చదువుకొను మన కళాశాలలో ఈ మాటలను తలచుటకు ఒక కారణమున్నది. స్పాటింగ్ స్కోపు కావలెనని ఎన్.సి.సి. విద్యార్థులును, పక్షులను చూడగోరువారును అడుగుచున్నారు. డబ్బు ఒక్కదానికే సరిపోవును.

ముక్కాలి స్టాండుపై నిలిపి ఒంటికంటితో చూచు ఈ దుర్భిణి ఒకప్పుడు వేటగాని నేస్తము. 1936లో ఇంగ్లండు పర్యటనలో భారత క్రికెట్ జట్టును నడిపిన మన విజయనగర రాజకుమారుడు ‘విజ్జీ’ మూడు వందలకు పైగా పులులను కాల్చినారని ప్రతీతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1991లో జరిగిన సవరణ వినోదపు వేటకు స్వస్తి చెప్పినవి. ఇక ఆ గాజునకు మిగిలినవి రెండు పనులు: గురిని చూచుట, ప్రాణిని చూచుట.

.22 రైఫిలు గుండు చేయు రంధ్రము సుమారు 5.6 మిల్లీమీటర్లు. పెద్ద పోటీలలో నేడు ఎలక్ట్రానిక్ టార్గెట్లు వచ్చినవి. కాగితపు టార్గెట్ ఉన్నచోట మాత్రము స్కోపు లేనిచో కాల్పులు ఆపి, నడచి వెళ్ళి చూడవలసినదే.

విద్యార్థులు అరవై రెట్లు చూపు స్కోపును కోరుచున్నారు. పెద్ద అంకెకు భ్రమపడరాదు. ముందు కటకము 60 మిల్లీమీటర్లు అనుకొనుడు. ఇరవై రెట్ల వద్ద కంటికి చేరు కాంతిచుక్క 3 మిల్లీమీటర్లు. అరవై వద్ద ఒక్క మిల్లీమీటరే. వేకువ మసకలో అది చాలదు. మధ్యాహ్నపు ఎండలో గాలి అలలుగా కదలి బొమ్మను చెరుపును. ఏ చిన్న అదురైనను అరవై రెట్లగును. గాన ఇరవై, ఇరవై అయిదు రెట్లు చాలును. మిగిలిన డబ్బు మంచి కటకమునకు, బరువైన స్టాండునకు వెచ్చింపవలెను. నీరు చొరనిదై, లోపల నైట్రోజన్ నింపినదైనచో మన కోస్తా తేమకు మసకబారదు. కళ్ళజోడు గలవారికి కన్ను కొంత ఎడముగా ఉంచినను బొమ్మ పూర్తిగా కనబడవలెను. కంటికటకము ఏటవాలుగా ఉన్నచో పొడుగువారును పొట్టివారును ఒకే స్టాండు వద్ద చూడగలరు.

గత శీతకాలము శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురములో ఒక సందర్శకుని స్కోపులో చూచితిని. పెలికాన్ పిల్ల తల్లి గొంతుసంచిలోనికి తల దూర్చి మేత తీసికొనుచున్నది. మా ముప్పదిమందిమి చెట్టు క్రిందికి పోయి ఉండినచో తల్లి ఎగిరిపోయెడిది. పిల్ల ఎండకు, కాకులకు మిగిలెడిది. దూరమే అక్కడ మనము చూపవలసిన మర్యాద.

సలీం అలీగారు బాల్యమున ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టి, దాని గొంతుపై పసుపు మచ్చ ఏమిటో తెలిసికొనుటకు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళినారు. ఆ ప్రశ్నయే ఆయనను పక్షిశాస్త్రవేత్తను చేసినది. మన విద్యార్థికి అట్టి ప్రశ్న పుట్టుటకు పిచ్చుక ప్రాణము పోనక్కరలేదు. కమిటీ పెద్దలు ఈ ఒక్క స్కోపు కొని, దానికి ఒక రిజిస్టరు కూడ పెట్టించవలెనని నా మనవి. అందులో ఒక ప్రక్క గురి మార్కులు, మరియొక ప్రక్క చూచిన పక్షుల పేర్లు వ్రాసికొందురు.