చలికాలపు మజిలీలు

మా ముత్తాతగారి కాలంలో బరంపురం నుంచి సింహాచలం యాత్రకు రెండెద్దుల బండి కట్టుకొని వెళ్ళేవారట. పొద్దుగూకి మజిలీ చేరగానే ముందు బావి ఎక్కడున్నదో చూసుకొనేవారు; పొయ్యీ, పడకా ఆ తరువాతే. గత సంక్రాంతికి అమెరికాలో మేము చేసిన ప్రయాణమూ ఆ తీరుగానే నడిచింది.

మా అబ్బాయికి టెన్నెస్సీ రాష్ట్రపు నాష్‌విల్ నుంచి అరిజోనాలోని ఫీనిక్సుకు ఉద్యోగం మారింది. కోడలూ, పదినెలల మనుమరాలూ విమానంలో ముందుగా వెళ్ళిపోయారు. సామాను చేరవేయడానికి అబ్బాయి ఒక పాత ఆర్.వి. కొన్నాడు. అంటే చక్రాలమీద ఇల్లన్నమాట. రెండు పడకలు, గ్యాసు పొయ్యి, చిన్న స్నానాలగది. అడుగున మంచినీటికొక తొట్టి, వాడిన నీటికొకటి, మరుగుదొడ్డికి వేరొకటి. భోగినాటి సాయంత్రం మనుమరాలికి మొదటిసారి భోగిపళ్ళు పోయాలి. బరంపురం నుంచి మేమిద్దరం అంతదూరం వెళ్ళింది అందుకే. ఆరోజు మధ్యాహ్నానికి చేరిపోతామని అబ్బాయి లెక్క.

నలభయ్యవ నంబరు రహదారి పట్టుకొని పడమరకు సాగాము. మెంఫిస్ దగ్గర మిసిసిపీ నది దాటాము. మా ఋషికుల్యను చూసిన కళ్ళకు అది నదిలా కనబడలేదు, సముద్రపు పాయలా ఉంది. మొదటి రాత్రి లిటిల్‌రాక్ దగ్గర ఆర్.వి.లు నిలిపే తోటలో దిగాము. అక్కడ ప్రతి బండికీ ఒక విద్యుత్ స్తంభం, ఒక నీటి కొళాయి ఉంటాయి. కొళాయికి గొట్టం తగిలిస్తే బండిలోకి నీళ్ళు వస్తాయి. చలికాలంలో అయితే తొట్టి నింపుకొని చీకటి పడకముందే గొట్టం ఊడదీసి, నీరు ఒంపేసి లోపల పెట్టుకోవాలి. వంటింటి తొట్టికింది అరల తలుపులు రాత్రంతా తెరిచి ఉంచాలి, వెచ్చదనం గొట్టాలకు తగలడానికి. చలికి తట్టుకోలేక మేము గ్యాసు పొయ్యి వెలిగించుకొని కూర్చోబోతే అబ్బాయి గబుక్కున ఆర్పేశాడు. మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసనైనా తెలియకుండా ప్రాణం తీస్తుందట. వెచ్చదనానికి వేరే యంత్రం ఉంది. దాని పొగ బయటికి పోతుంది. మన ఊపిరికే అద్దాలు చెమర్చి నీరు కారుతుంటే, అంత చలిలోనూ పైకిటికీ కొంచెం తెరవవలసి వచ్చింది.

రెండవ రాత్రి ఓక్లహోమా సిటీలో ఒక పెద్ద దుకాణం ముందు కార్లు నిలిపే ఆవరణలో గడిపాము. ఇది అన్నిచోట్లా ఒప్పుకోరు. అబ్బాయి మేనేజరును అడిగి వచ్చాడు. అక్కడ కుర్చీలు బయట వేయకూడదు, తెల్లవారగానే కదలాలి.

మూడవ రాత్రి టెక్సాసులోని అమరిల్లో. ఊరికి పడమరగా పది కాడిలాక్ కార్లను 1974లో ముక్కులు నేలలో పాతి నిలబెట్టారు. దాన్ని కళ అంటారు. మాకైతే కార్లమీద జాలి వేసింది. ఆ రాత్రి గాలి బండిని ఊపేసింది. గొట్టం తీసే పని మావారిది. కబుర్లలో పడి మరిచారు. తెల్లవారి చూస్తే గొట్టం కర్రలా బిగుసుకొని ఉంది, లోపల కొళాయి తిప్పితే చుక్కరాలేదు. జుట్టు ఆరబెట్టుకొనే యంత్రంతో అబ్బాయి గంటలతరబడి కాపాడు. ఏ గొట్టమూ పగలలేదు, అదే పదివేలు. మావారు మధ్యాహ్నందాకా నోరు విప్పలేదు.

ఆల్బకర్కీ చేరేసరికి రాత్రయింది. ముందు దారిలో ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు సుమారు ఏడువేల అడుగుల ఎత్తున ఉంది. అక్కడ మంచు కురుస్తోందని కబురు. దక్షిణంగా పల్లానికి దిగి పదవ నంబరు రహదారి పట్టుకొంటే భయం లేదు గాని ఒకరోజు ఎక్కువ. "అమ్మా, నువ్వేమంటావు?" అన్నాడు అబ్బాయి. ఒక్క రోజు మట్టుకు మొదటి భోగి దాటిపోతుందా అని మనసు పీకింది. అయినా దక్షిణానికే పోదామన్నాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాటి మజిలీ ఊరి పేరు ట్రూత్ ఆర్ కాన్సిక్వెన్సెస్. నిజం చెప్పు, లేదా ఫలం అనుభవించు అని అర్థం. ఒక రేడియో కార్యక్రమం కోసం 1950లో పాత పేరు మార్చుకొన్నారట. "గొట్టం తీశారా?" అని అడిగితే మావారు ఆ పేరు చూసి వెంటనే బయటికి నడిచారు.

భోగి సాయంత్రం టూసాన్‌లో ఉన్నాము. చుట్టూ నిలువెత్తు జెముడు చెట్లు. ఫోనులో కోడలు పట్టులంగాతో నిద్రపోతున్న పిల్లను చూపించి, "అత్తయ్యగారూ, రేపు మీరొచ్చాకే పోద్దాం" అన్నది.

సంక్రాంతినాడు చేరి పోశాము. రేగిపళ్ళు దొరకక ఎర్రటి క్రాన్‌బెర్రీ పళ్ళు, చిల్లర డబ్బులు, చామంతి రేకులు కలిపాము. పిల్ల ఒక పండు నోట పెట్టుకోబోతే కోడలు లాగేసుకొంది. హారతికి పిలిస్తే మావారు లేరు. బయట ఆ గొట్టం చుట్టి లోపల పెడుతున్నారు. ఈ ఊళ్ళో అక్కరలేదని అబ్బాయి ఎంత చెప్పినా వినలేదు.